లేజర్‌ఫేకో ప్రోబ్: శుక్లం ఆపరేషన్ కోసం ప్యాట్రీషియా బాత్ కనిపెట్టిన పరికరంపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా నేత్రవైద్యురాలు ప్యాట్రీషియా బాత్ కనిపెట్టింది కచ్చితంగా ఏమిటి?

శుక్లం పట్టిన లెన్సును కంటి లోపలే లేజర్‌తో ఛేదించి, ఆ తుక్కును అప్పటికప్పుడే పీల్చి బయటికి తెచ్చే సన్నటి పరికరం. దాని పేరు లేజర్‌ఫేకో ప్రోబ్. ఈ ఆలోచన ఆమెకు 1981లో వచ్చింది. 1986 డిసెంబరు 18న అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1988 మే 17న మంజూరైంది. నంబరు 4,744,360. తర్వాత జపాన్, కెనడా, ఐరోపాల్లోనూ పేటెంట్లు వచ్చాయి.

లేజర్‌ను ఆమె కనిపెట్టలేదు. ఆమె వాడిన ఎక్సైమర్ లేజర్లు (వాయువులతో నడిచి అతినీలలోహిత కాంతినిచ్చేవి) అప్పటికే ప్రయోగశాలల్లో ఉన్నాయి. కాంతి వెళ్లే దారి, ద్రవం లోపలికి వచ్చే దారి, తుక్కు బయటికి పోయే దారి, ఈ మూడింటినీ కలిపి ఒక మిల్లీమీటరుకు మించని మందంలో ఇమిడ్చిన అమరికే ఆమె ఆవిష్కరణ.

ఆ ఒక్క మిల్లీమీటరులో ఏయే భాగాలు ఉంటాయి?

నడిమధ్యలో ఆప్టికల్ ఫైబర్ ఉంటుంది. లేజర్ యంత్రం బయట ఎక్కడో ఉంటుంది, దాని కాంతి ఈ ఫైబర్ గుండా వచ్చి కొసన బయటపడుతుంది. ఫైబర్ చుట్టూ ఒక తొడుగు. ఫైబరుకూ ఆ తొడుగుకూ మధ్య ఉన్న ఖాళీలోంచి ఉప్పునీటి లాంటి ద్రవం కంట్లోకి దిగుతుంది. ఆ తొడుగు మీద మరో తొడుగు ఉంటుంది, కాకపోతే అది పూర్తిగా చుట్టుకోదు, కొంత మేరకే కప్పుతుంది. పీల్చే దారి అదే. మొత్తం కలిసి వంగే తీగలా ఉంటుంది.

ద్రవం చేసే పనులు మూడు. కార్నియాకూ (కంటి ముందుండే పారదర్శక పొర) లెన్సుకూ మధ్య ఉండే ముందు గది కుంగిపోకుండా ఉబ్బెత్తుగా నిలబెడుతుంది, వేడిని తగ్గిస్తుంది, రేణువుల్ని పీల్చే దారి వైపు తోస్తుంది. వచ్చే ద్రవానికీ పోయే ద్రవానికీ పొత్తు కుదరడం ముఖ్యం. పీల్చడం ఎక్కువైతే గది ఒక్కసారిగా కుంగి, వెనకున్న లెన్సు సంచి ముందుకు ఉబికి పరికరం కొసకు తగులుతుంది. ఆ సంచి వెనక పొర మందం కొన్ని మైక్రాన్లే, తగిలితే చిరుగుతుంది. పోసే ద్రవం ఎక్కువైతే కంటి పీడనం పెరుగుతుంది, కోతలోంచి ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) బయటికి పొడుచుకు వస్తుంది. ఈ చిక్కు లేజర్‌ఫేకోకే పరిమితం కాదు. ఇవాళ్టి ఫేకో యంత్రాల్లో (లెన్సును అల్ట్రాసౌండ్‌తో నుజ్జు చేసి పీల్చేవి) ఖరీదైన భాగం చాలావరకు ఈ ద్రవాల లెక్క చూసుకునే పంపులూ సెన్సార్లే.

దానితో ఆపరేషన్ ఎలా చేయాలనుకున్నారు?

ముందు చుక్కల మందుతో కంటిపాపను పెద్దది చేస్తారు. కార్నియా అంచున ఒక మిల్లీమీటరు కోత పెట్టి పరికరాన్ని ముందు గదిలోకి పోనిస్తారు. లెన్సు సంచికి ముందు వైపు చిన్న రంధ్రం చేసి, ఫైబర్ కొసను శుక్లానికి ఆనేంత దగ్గరగా తెస్తారు. లేజర్‌ను ఎడతెగని ధారగా కాకుండా విడివిడి పల్సులుగా కొడతారు. ఒక్కో పల్సుకూ లెన్సు పదార్థంలో పలుచటి పొర లేచిపోతుంది, ద్రవం దాన్ని పట్టుకుపోతుంది. అలా గట్టి గుజ్జునూ దాని చుట్టూ ఉన్న మెత్తటి భాగాన్నీ ఖాళీ చేసి, సంచిని మాత్రం అలాగే ఉంచుతారు. కృత్రిమ లెన్సును కూర్చోబెట్టేది ఆ సంచిలోనే.

అతినీలలోహిత కాంతినే ఎందుకు ఎంచుకున్నారు?

పేటెంటులో తరంగదైర్ఘ్యం 193 నుంచి 351 నానోమీటర్ల మధ్య ఉంటే మేలని రాశారు. ఈ అంకెలు గాల్లోంచి పుట్టలేదు. ఎక్సైమర్ లేజర్‌లో వాడే వాయువును బట్టి తరంగం మారుతుంది: ఆర్గాన్ ఫ్లోరైడ్ ఇచ్చేది 193, క్రిప్టాన్ ఫ్లోరైడ్ 248, జెనాన్ క్లోరైడ్ 308, జెనాన్ ఫ్లోరైడ్ 351. అంటే అప్పటికి అందుబాటులో ఉన్న ముఖ్యమైన ఎక్సైమర్ లేజర్లన్నీ ఆ పరిధిలోకి వచ్చేశాయి. పేటెంటు రాసేవారు కంచెను ఇలాగే కాస్త దూరంగా వేస్తారు.

శాస్త్ర కారణం వేరే ఉంది. ఈ కాంతి కణాల శక్తి ఎక్కువ. 308 దగ్గర ఒక్కో ఫోటాన్ (కాంతి కణం) శక్తి సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టులు, 193 దగ్గర 6.4. లెన్సులోని ప్రోటీన్ల అణుబంధాలను తెంచడానికి ఆ శక్తి చాలు. పైగా లెన్సు ఈ కాంతిని బాగా పీల్చుకుంటుంది కాబట్టి దెబ్బ పైపొరలోనే ఆగి, చుట్టుపక్కల మాడకుండా తెగుతుంది.

అయితే 193 కాంతి మామూలు క్వార్ట్జ్ ఫైబర్‌లో సరిగా ప్రయాణించదు. 308 ప్రయాణిస్తుంది. కంటి లోపలికి ఫైబర్‌తో వెళ్లాలనుకున్నవారికి 308 అందుకే అనుకూలమైంది. కళ్లద్దాలు తీసేయడానికి చేసే లాసిక్‌లో 193 వాడగలుగుతున్నారంటే అక్కడ ఫైబర్ అవసరం లేదు, కాంతి నేరుగా గాల్లోంచి వచ్చి కార్నియా మీద పడుతుంది.

అప్పటికే అల్ట్రాసౌండ్ ఫేకో ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?

ఉంది. న్యూయార్క్ వైద్యుడు చార్లెస్ కెల్మన్ 1967లో దాన్ని మొదలుపెట్టారు. పళ్ల గార తీసే అల్ట్రాసౌండ్ పరికరాన్ని చూసి ఆ ఊహ వచ్చిందని ఆయనే చెప్పేవారు. అందులో సన్నటి బోలు సూది సెకనుకు దాదాపు 40,000 సార్లు కంపించి లెన్సును నుజ్జు చేస్తుంది.

1980ల నాటికి దానికి రెండు ఇబ్బందులు ఉండేవి. సూది రాపిడికి పుట్టే వేడి వల్ల కోత అంచులు కాలేవి. అంతకన్నా పెద్దది కార్నియా లోపలి పొర నష్టం. ఆ పొరలో పెద్దవాళ్లకు చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,500 కణాలుంటాయి. పోయినవి మళ్లీ పుట్టవు. బాగా తగ్గిపోతే కార్నియాలో నీరు చేరి శాశ్వతంగా మసకబారుతుంది. శుక్లం ఎంత గట్టిగా ఉంటే అల్ట్రాసౌండ్ అంతసేపు నడపాలి, నష్టమూ అంత పెరుగుతుంది. అందువల్ల ఎక్కువమంది సర్జన్లు అప్పట్లో 10 నుంచి 12 మిల్లీమీటర్ల కోత పెట్టి, లెన్సు గుజ్జును మొత్తంగా బయటికి తీసి, కుట్లు వేసేవారు. కంపనం లేకుండా, చిన్న కోతతో, కాంతితోనే పని కానివ్వాలన్నది బాత్ లక్ష్యం.

పరిశోధన బెర్లిన్‌లో ఎందుకు చేశారు?

ఆమె ఉద్యోగం లాస్ ఏంజెలెస్‌లో. ప్రయోగాలకు కావాల్సిన లేజర్లు, వాటిని నడిపే భౌతిక శాస్త్రవేత్తలు పశ్చిమ బెర్లిన్‌లోని లేజర్ వైద్య కేంద్రంలో దొరికారు. పరికరం రూపం 1986 నాటికి పూర్తయింది. ఎక్సైమర్ లేజర్‌తో లెన్సును తొలగించడంపై ఆ బృందంతో కలిసి రాసిన పత్రాలు 1987లో వచ్చాయి.

ఇవాళ ప్రపంచమంతటా శుక్లం ఆపరేషన్లు ఈ పరికరంతోనే చేస్తున్నారని చదివాం. నిజమేనా?

కాదు. ఇది చాలా చోట్ల కనిపించే పొరపాటు. ఇవాళ ఎక్కువగా జరిగేవి అల్ట్రాసౌండ్ ఫేకో, మన దేశంలో దానితో పాటు యంత్రం అక్కర్లేని చిన్నకోత పద్ధతి. లేజర్‌ఫేకో ప్రోబ్ రోజువారీ చికిత్సలో స్థిరపడలేదు. దీన్ని ఒప్పుకోవడం వల్ల బాత్ ఘనత తగ్గదు. లెన్సును కంటి లోపలే లేజర్‌తో ఛేదించి, ఒకే పరికరంతో కడిగి, పీల్చి తీసేయాలన్న ఆలోచనకు పూర్తి రూపం ఇచ్చిన తొలితరం వారిలో ఆమె ఒకరు. తర్వాత అదే దారిలో వేరే లేజర్లతో ప్రయత్నించినవారు ఉన్నారు.

మంచి ఆలోచనే కదా, ఎందుకు నిలదొక్కుకోలేదు?

దీనికి ఒక్క కారణం చెప్పేసి ఊరుకోలేం.

మొదటిది వేగం. పల్సు పల్సుకూ పలుచటి పొర లేపుతూ పోవడం మెత్తటి శుక్లానికి సరిపోతుంది. ముదిరి గోధుమరంగుకు తిరిగిన గుజ్జు దగ్గర సమయం విపరీతంగా పడుతుంది. కంటి లోపల ద్రవం ఎంతసేపు పారితే కార్నియా కణాలకు అంత ముప్పు, అది లేజర్ అయినా ఇంకొకటైనా.

రెండోది అతినీలలోహిత కాంతి భద్రత. 400 నానోమీటర్ల కన్నా తక్కువ తరంగాలను పీల్చుకుని రెటీనాను (కంటి వెనక ఉండే చూపు పొర) కాపాడేది మన సొంత లెన్సే. ఆపరేషన్‌లో తీసేస్తున్నది దాన్నే. లెన్సు కరిగేకొద్దీ రెటీనాకు కాపలా తగ్గుతుంది, దారి తప్పిన 300 పైచిలుకు నానోమీటర్ల కాంతి వెనక్కి చేరే అవకాశం పెరుగుతుంది. పక్కలకు చెదిరే కాంతి కార్నియా కణాల మీదా పడుతుంది. కొసను ఎటు తిప్పుతున్నారన్నది అందుకే ప్రాణం లాంటి విషయం.

మూడోది కృత్రిమ లెన్సు కొలత. మా లెక్కలో అన్నిటికన్నా బలమైన కారణం ఇదే. శుక్లాన్ని ఒక మిల్లీమీటరు కోతలోంచి తీసినా, లోపల పెట్టాల్సిన లెన్సు చూపు భాగమే 6 మిల్లీమీటర్లు. 1980లలో వాడినవి ఎక్కువగా మడవడానికి వీల్లేని గట్టి ప్లాస్టిక్‌వి. దాన్ని పెట్టడానికి కోతను మళ్లీ పెద్దది చేయాల్సిందే. అలాంటప్పుడు ఒక మిల్లీమీటరు లాభం ఎక్కడ మిగిలింది? ఖాళీ సంచిలోకి ద్రవరూపంలో లెన్సు పదార్థాన్ని ఎక్కించే ప్రయోగాలు ఆ రోజుల్లో సాగుతుండేవి. అవి ఫలించి ఉంటే ఈ పరికరం కథ ఇంకోలా ఉండేది. మడిచే లెన్సులు వచ్చాయి కానీ వాటికీ రెండు మిల్లీమీటర్లకు పైగా దారి కావాలి, ఆ దారిలో అల్ట్రాసౌండ్ సూది హాయిగా పడుతుంది.

ఈలోగా అల్ట్రాసౌండ్ ఊరుకోలేదు. కంపనాన్ని విరామాలతో ఇవ్వడం, గుజ్జును ముందు ముక్కలుగా చీల్చి తర్వాత పీల్చడం, కార్నియా లోపలి పొరను జిగురు మందుతో కప్పడం, ఇవన్నీ వచ్చాక వేడి, కణాల నష్టం రెండూ బాగా తగ్గాయి. ఎక్సైమర్ యంత్రం చూస్తే పెద్దది, ఖరీదైనది, విషవాయువుల సిలిండర్లతో నడిచేది. ఆస్పత్రి లెక్క ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు.

ఇతరులు చేసిన లేజర్ ప్రయత్నాలు ఏమయ్యాయి?

న్యూయార్క్ వైద్యుడు జాక్ డాడిక్ పద్ధతిలో 1064 నానోమీటర్ల యాగ్ లేజర్ పరికరం కొసలోని టైటానియం పలక మీద పడుతుంది. అక్కడ పుట్టిన ఆఘాత తరంగం లెన్సును పగలగొడుతుంది, కాంతి మాత్రం కొస దాటి బయటికి రాదు. అతినీలలోహిత భయాన్ని తెలివిగా తప్పించిన ఏర్పాటు ఇది. 2.94 మైక్రాన్ల ఎర్బియం లేజర్‌ను నీరు బాగా పీల్చుకుంటుంది కాబట్టి దాన్నీ ప్రయత్నించారు. రెండూ గట్టి శుక్లం దగ్గరే వెనకబడ్డాయి.

మా ఊరి ఆస్పత్రిలో "లేజర్ ఆపరేషన్" అంటున్నారు. అది ఏది మరి?

చాలాసార్లు అది అల్ట్రాసౌండ్ ఫేకో. అందులో లేజర్ ఏమీ ఉండదు. కుట్లు లేకుండా మిషన్‌తో చేసే ఆపరేషన్‌ను మన దగ్గర అలా పిలవడం అలవాటైపోయింది. డబ్బు కట్టేముందు సూటిగా అడగండి: "ఫేకోనా, ఫెమ్టో లేజర్ కూడా వాడతారా? బిల్లులో లేజర్‌కు విడిగా ఎంత, లెన్సుకు ఎంత?" అసలు తేడా చాలావరకు లెన్సు ధరలోనే ఉంటుంది.

ఉచిత శిబిరాల ద్వారా చేసే ఆపరేషన్లలో చాలావరకు చిన్నకోత పద్ధతివి. 6 నుంచి 6.5 మిల్లీమీటర్ల కోతను వాలుగా సొరంగంలా పెడతారు, అది తనంతట తానే మూసుకుంటుంది, కుట్టు అక్కర్లేదు. గట్టిగా ముదిరిన శుక్లాలకు ఇది దీటైన పద్ధతి. చవక కాబట్టి నాసిరకం అనుకోవద్దు.

ఫెమ్టో లేజర్ అంటే బాత్ పరికరానికి కొత్త రూపమా?

కాదు. పని చేసే తీరే వేరు. కంటి శుక్లానికి దీన్ని మొదట 2008లో బుడాపెస్ట్‌లో జోల్టాన్ నాజ్ వాడారు. ఇందులో పరికరం కంట్లోకి దిగదు. కంటి మీద చూషణ వలయం అమర్చి కదలకుండా పట్టుకుంటారు, స్కాన్ తీసి కొలతలు చూస్తారు, తర్వాత వెయ్యి నానోమీటర్లకు కాస్త పైనుండే పరారుణ లేజర్ కార్నియాలోంచి నేరుగా దాటి, లోపల కేంద్రీకరించిన చోట మాత్రమే సూక్ష్మ బుడగలు పుట్టించి కోస్తుంది. కార్నియా కోతలు, లెన్సు సంచికి ముందు సుమారు 5 మిల్లీమీటర్ల గుండ్రటి ద్వారం, గుజ్జును ముక్కలు చేయడం, ఈ మూడూ చేస్తుంది. ముక్కల్ని పీల్చేది మాత్రం మళ్లీ ఫేకో యంత్రమే. అంటే కోయడం ఒక యంత్రం, తీయడం ఇంకో యంత్రం. బాత్ ఈ రెంటినీ ఒకే కొసలో కలిపారు.

ఫెమ్టోలో ఏం తేడా కొట్టవచ్చు? అంత డబ్బు పెట్టడం లాభమా?

రోగి కదిలితే చూషణ వలయం జారిపోతుంది, మధ్యలో ఆపాల్సి వస్తుంది. కార్నియా మీద మచ్చ ఉంటే కాంతి దాటదు, కింద సంచి సరిగా తెగదు. లేజర్ తర్వాత కంటిపాప కుంచించుకుపోవడం తరచూ జరిగేదే, అందుకే వాపు తగ్గించే చుక్కలు ముందే వేస్తారు. లోపల చేరిన గ్యాసు బుడగలను చూసుకోకుండా ద్రవం గట్టిగా తోస్తే వెనక సంచి పగలవచ్చు. ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ మాత్ర వాడే మగవాళ్లు ఆ సంగతి ఏ పద్ధతికైనా ముందే డాక్టరుకు చెప్పాలి. ఆ మందుకు ఐరిస్ వదులై కంటిపాప సరిగా విప్పారదు. మాత్ర ఆపేసినా ఆ గుణం పూర్తిగా పోదు.

లాభం విషయానికొస్తే, ఫ్రాన్స్‌లోనూ బ్రిటన్‌లోనూ వందలాది మందిపై పోల్చి చూసిన అధ్యయనాలు 2020లో వెలువడ్డాయి. మామూలు ఫేకో కన్నా చూపులో చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు, ఖర్చుకు తగ్గ ఫలితం లేదని తేలింది. డబ్బు కొరత ఉన్న ఇంట్లో ఫెమ్టో కోసం అప్పు చేయమని మేం చెప్పం.

ఆపరేషన్ అయిన రెండేళ్లకు మళ్లీ మసక. "లేజర్ కొట్టించుకోండి" అన్నారు. శుక్లం మళ్లీ వచ్చిందా?

రాదు. తీసేసిన లెన్సు మళ్లీ పెరగదు. మిగిల్చిన సంచి వెనక పొర మీద కణాలు పాకి మందమవుతుంది. దానికి వాడేది యాగ్ లేజర్. ఫ్రాన్స్‌లో డానియెల్ ఆరన్-రోసా, స్విట్జర్లాండ్‌లో ఫ్రాన్జ్ ఫాంక్‌హౌజర్ దీన్ని కంటికి తెచ్చారు. కోత లేదు, సూది లేదు. గడ్డం ఆనించి కూర్చుంటే, ఒకటి రెండు మిల్లీజూళ్లతో మొదలుపెట్టి, పొర మధ్యలో మూడు నాలుగు మిల్లీమీటర్ల కిటికీ తెరుస్తారు. కొన్ని నిమిషాల పని. కేంద్రం గురి తప్పితే కృత్రిమ లెన్సు మీద గుంటలు పడతాయి. కొన్ని గంటలపాటు కంటి పీడనం పెరగవచ్చు, నీటికాసుల జబ్బు ఉన్నవారికి అది ముఖ్యం. తర్వాతి వారాల్లో మెరుపులు, నల్లచుక్కల వాన, పక్కనుంచి తెర దిగినట్టు కనిపిస్తే రెటీనా ఊడుతోందేమోనని అనుమానించి ఆ రోజే వెళ్లాలి.

ముప్పై ఏళ్లు చూపులేని మహిళకు బాత్ ఈ లేజర్‌తోనే చూపు తెప్పించారా?

ఆ సంగతి ఉత్తర ఆఫ్రికాలో జరిగింది. వాడింది కెరటోప్రాస్థెసిస్, అంటే పాడైన కార్నియా స్థానంలో పెట్టే కృత్రిమ కార్నియా. రెండిటినీ కలిపి రాసేవారు ఎక్కువ. ఆమె 1973–74లో ప్రత్యేక శిక్షణ పొందింది కార్నియా మార్పిడి, కృత్రిమ కార్నియాలపైనే.

ఆమె నేపథ్యం క్లుప్తంగా చెప్పగలరా?

1942 నవంబరు 4న న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పుట్టారు. హంటర్ కాలేజీలో రసాయనశాస్త్రం, హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1968లో వైద్యపట్టా. హార్లెమ్ ఆస్పత్రి, కొలంబియా కంటి విభాగం రెండూ చూశాక, నల్లజాతివారిలో అంధత్వం తెల్లవారికన్నా రెట్టింపు ఉందని లెక్కతో చూపారు. వైద్యం అందకపోవడమే మూలమని గ్రహించి, పేటల్లోకి వెళ్లి కళ్లు పరీక్షించే సామాజిక నేత్రవైద్యాన్ని ప్రతిపాదించారు. 1976లో అంధత్వ నివారణ సంస్థను మరికొందరితో కలిసి స్థాపించారు. 2019 మే 30న కన్నుమూశారు. 2022లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్‌లో, కంప్యూటర్ ఇంజినీరు మరియన్ క్రోక్‌తో పాటు ఆమె పేరూ చేరింది. ఆ గౌరవం అందుకున్న తొలి నల్లజాతి మహిళలు వీరిద్దరే.

"వైద్య పేటెంటు పొందిన తొలి నల్లజాతి మహిళ" అని రాయవచ్చా?

"తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళా డాక్టరు" అని రాయండి. డాక్టరు అన్న మాట వదిలేస్తే తప్పవుతుంది. బెస్సీ బ్లౌంట్ గ్రిఫిన్ రోగుల కోసం చేసిన పాత్ర ఆధారానికి 1951లోనే పేటెంటు పొందారు, ఆమె డాక్టరు కాదు.

మిగతా పేటెంట్లు దేనికి? ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చా?

అమెరికాలో మొత్తం ఐదు. 5,843,071 (1998), 5,919,186 (1999) లేజర్ పద్ధతికీ పరికరానికీ సంబంధించినవి. 6,083,192 (2000) పల్సులుగా ఇచ్చే అల్ట్రాసౌండ్‌కు. 6,544,254 (2003) అల్ట్రాసౌండ్‌నూ లేజర్‌నూ కలిపిన పరికరానికి. చివరి రెండూ ఆసక్తికరం: తాను పక్కన పెట్టాలనుకున్న అల్ట్రాసౌండ్‌ను ఆమె తన పరికరంలోకే తెచ్చుకున్నారు.

1988 నాటి అమెరికా చట్టం ప్రకారం గడువు మంజూరైన రోజు నుంచి 17 ఏళ్లు. 1995లో చట్టం మారాక, అప్పటికి అమల్లో ఉన్న పేటెంట్లకు ఆ గడువు, దరఖాస్తు రోజు నుంచి 20 ఏళ్లు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది వర్తించింది. కాబట్టి మొదటి పేటెంటు 2006 డిసెంబరు దాటి ఉండదు. పూర్తి పాఠం, బొమ్మలు ఉచితంగా చూడవచ్చు. పేటెంట్ల వెతుకులాట సైటులో నంబరును కామాలు లేకుండా, ముందు యూఎస్ అక్షరాలు చేర్చి కొట్టండి. బొమ్మల్లో అడ్డకోత చూపించేదాన్ని ముందు తెరవండి, ఫైబరూ రెండు తొడుగులూ ఒకే చూపులో అర్థమవుతాయి.